ఆర్‌లో ఫంక్షన్: ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, కానీ చివరి లైన్ ఒక్కటే లెక్కలోకి వస్తోంది

పచ్చిక (ప్రశ్న)

నమస్కారం అండి. రెండు రోజులుగా ఆర్ (గణాంకాలకు వాడే ప్రోగ్రామింగ్ భాష)లో రాసిన ఒకే ఫంక్షన్ దగ్గర ఆగిపోయాను. ఎర్రర్ వచ్చి ఉంటే దాన్ని పట్టుకుని వెతికేదాన్ని. ఏ ఎర్రరూ రావడం లేదు, జవాబు మాత్రం తప్పు.

మాది మొక్కల మీద పని. ఒక్కో మొక్కనూ వేరు, కాండం, ఆకులుగా విడదీసి, ఓవెన్‌లో ఆరబెట్టి, మూడింటినీ విడివిడిగా తూస్తాం. అలా 48 మొక్కలు తూచాం. మొదట్లో నా ఫంక్షన్ వేరు, కాండం మాత్రమే కలిపేది. అప్పుడు బాగానే పనిచేసింది. తర్వాత మా గైడ్ ఆకుల బరువు కూడా కలపమన్నారు. సరేనని కింద ఇంకో లైన్ చేర్చాను. ఫంక్షన్ ఇదీ. అందరికీ చదవడం సులువని ఇక్కడ అన్నీ తెలుగు అక్షరాల్లో రాశాను, నా ఫైల్లో ఇంగ్లీషులోనే ఉన్నాయి.

మొక్క_బరువు <- ఫంక్షన్(వేరు, కాండం, ఆకు) {
  వేరు + కాండం
    + ఆకు
}

మొదటి మొక్కకు వేరు 4.2 గ్రాములు, కాండం 6.1, ఆకులు 3.5. మొత్తం 13.8 రావాలి. 3.5 వస్తోంది.

అసలు తప్పుందని నాకు గ్రాఫ్ చూశాకే తెలిసింది. మొత్తం బరువుకీ ఆకుల బరువుకీ సంబంధం చూద్దామని గీస్తే, 48 చుక్కలూ కొలబద్ద పెట్టి గీసినట్టు ఒకే గీత మీద కూర్చున్నాయి. నిజం మొక్కల డేటా అంత చక్కగా ఉండదు కదా. అప్పుడు కాలమ్ తెరిచి చూస్తే మొత్తం బరువు, ఆకుల బరువు అక్షరాలా ఒకటే.

ఇప్పటిదాకా చేసినవి: ఆర్ మూసి మళ్ళీ తెరిచాను. ఎక్కడైనా ఖాళీ విలువలు ఉన్నాయేమో చూశాను, లేవు. కాలమ్‌లు నంబర్లుగానే ఉన్నాయా అని చూశాను, ఉన్నాయి. ఆర్గ్యుమెంట్ల (ఫంక్షన్‌కి ఇచ్చే విలువల) వరస మార్చి కూడా చూశాను. వచ్చే వారం గైడ్‌కి ఫలితాలు చూపించాలి, చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ పొరపాటు చేస్తున్నానో చెప్పగలరా?

గుణకం

ప్లస్ గుర్తును మూడో లైన్ మొదటి నుంచి తీసి రెండో లైన్ చివర పెట్టండి. అంతే.

  వేరు + కాండం +
    ఆకు

13.8 వస్తుంది. ముందు ఇది మార్చి మీ పని కానివ్వండి, కారణం ఎవరైనా వివరంగా చెబుతారు.

రోజూఆర్

గుణకం గారు చెప్పింది సరైన మందు. కానీ జబ్బేమిటో తెలియకపోతే ఇదే ఇంకో రూపంలో మళ్ళీ వస్తుంది, అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నాను. నేను ఆర్ నేర్పించే చోట అన్నిటికంటే ఎక్కువ సమయం తినే పొరపాటు ఇదే. దీన్ని ఎవరూ మొదటి రోజే చెప్పరని నాకు నిజంగా బాధ.

ఆర్‌లో వాక్యం ఎక్కడ ముగిసిందో చెప్పడానికి సెమీకోలన్ తప్పనిసరి కాదు. మరి ఎలా తెలుసుకుంటుంది? లైన్ చివరికి రాగానే ఒకే ఒక్క ప్రశ్న వేసుకుంటుంది: ఇక్కడిదాకా చదివినది పూర్తి వాక్యమేనా? పూర్తయితే అక్కడికి ఆపేస్తుంది. కాకపోతే కింది లైన్ కూడా కలుపుకుని చదువుతుంది. కింద ఏముందో ముందే తొంగి చూసి, దాన్ని పైదానికి అతికించదు.

తెలుగులో మనకిది బాగా తెలిసిన విషయమే. ఎవరైనా "ఆవిడ ఇంటికి వెళ్ళి" అని ఆపితే మనం ఊరుకోం, వెళ్ళి ఏం చేసింది అని మిగతాది కోసం చూస్తాం. అదే "ఆవిడ ఇంటికి వెళ్ళింది" అంటే మాట అయిపోయింది. తర్వాత ఏం చెప్పినా అది కొత్త వాక్యం. బళ్ళో అసమాపక క్రియ, సమాపక క్రియ అని చదువుకున్నాం కదా, ఆర్ లైన్లను చదివే పద్ధతి అచ్చం అదే. "వేరు + కాండం +" అన్నది "వెళ్ళి" లాంటిది. "వేరు + కాండం" అన్నది "వెళ్ళింది" లాంటిది.

ఇప్పుడు మీ ఫంక్షన్‌ని ఆర్ కళ్ళతో చదవండి. రెండో లైన్లో వేరు, కాండం కలిపింది, 10.3 వచ్చింది, వాక్యం అయిపోయింది. ఆ 10.3ని ఎక్కడా దాచమని మీరు చెప్పలేదు కాబట్టి పారేసింది. మూడో లైన్ కొత్త వాక్యం: "+ ఆకు". దీనికి అర్థం ఉందా? ఉంది. -5 అని రాస్తే మైనస్ ఐదు అయినట్టే, +5 అని రాస్తే ప్లస్ ఐదు. కాబట్టి "+ ఆకు" అంటే ఆకు విలువే, 3.5. ఫంక్షన్‌లో ఆఖరి వాక్యం విలువే దాని జవాబు. అందుకే 3.5. మీరు ముందు పెట్టిన నాలుగు స్పేస్‌లను ఆర్ అసలు లెక్కలోకే తీసుకోదు. అవి మన కంటికి మాత్రమే.

ఎర్రర్ ఎందుకు రాలేదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ప్లస్ బదులు అక్కడ గుణకారం గుర్తు ఉండి ఉంటే వెంటనే "అన్‌ఎక్స్‌పెక్టెడ్ '*'" అని ఎర్రర్ వచ్చేది, ఎందుకంటే "* ఆకు" అనే వాక్యానికి అర్థమే లేదు. భాగహారం అయినా, && అయినా, || అయినా అంతే. లెక్కల గుర్తుల్లో ప్లస్, మైనస్ రెండిటికీ మాత్రం ఒంటరిగా నిలబడే హక్కు ఉంది. ప్రమాదమంతా ఆ రెండిటి దగ్గరే.

ఇంకో రూపం చూడండి, నా దృష్టిలో ఇది మీదానికంటే ప్రమాదం:

మొక్క_బరువు <- ఫంక్షన్(వేరు, కాండం, ఆకు) {
  మొత్తం <- వేరు + కాండం
    + ఆకు
  మొత్తం
}

దీనికి 10.3 వస్తుంది. 3.5 వస్తే ఏదో తేడాగా ఉందని మీకు అనిపించింది. 10.3 చూస్తే అనిపించదు, మొక్కకు అంత బరువు ఉండొచ్చు కదా. గ్రాఫ్‌లో కూడా చుక్కలు సహజంగానే చెదిరి కనిపిస్తాయి. ఆకులు ఎవరూ చూడకుండా లెక్కలోంచి జారిపోతాయి.

కంటికి కనిపించే రుజువు కావాలంటే ఇది రన్ చేయండి:

యాజ్.లిస్ట్(బాడీ(మొక్క_బరువు))

బాడీ అంటే ఫంక్షన్ లోపలి భాగం, దాన్ని ఆర్ ఎన్ని వాక్యాలుగా విడదీసి చదివిందో వరసగా చూపిస్తుంది. ఫలితం ఇక్కడ పెట్టండి, చూద్దాం.

పచ్చిక

చాలా చాలా థాంక్స్ అండి. ప్లస్‌ని పైకి జరిపాక 13.8 వచ్చింది. దానికి ముందు పాత ఫంక్షన్ మీదే మీరు చెప్పింది రన్ చేశాను:

[[1]]
`{`

[[2]]
వేరు + కాండం

[[3]]
+ఆకు

నేను ఒక్క వాక్యం రాశాననుకున్నాను, అది రెండుగా చదివింది. ప్లస్‌కీ ఆకుకీ మధ్య స్పేస్ కూడా పోయి, రెండూ అతుక్కుని కనిపించాక మొత్తం అర్థమైంది. సరిచేశాక మళ్ళీ చూస్తే `{` కాక ఒక్కటే ఉంది. కాగితం మీద కూడిక రాసేటప్పుడు గుర్తు కింది వరసలో, అంకెకు ముందే వేస్తాం కదా, ఆ అలవాటే ఇక్కడికి వచ్చిందనుకుంటా.

ఇంకో సందేహం, ఇది కూడా లైన్ల గొడవే అనిపిస్తోంది. ఈ ముక్క నా ఇంకో ఫంక్షన్ లోపల బాగా పనిచేస్తోంది:

ఇఫ్ (ఆకు > వేరు) {
  గుంపు <- 1
}
ఎల్స్ {
  గుంపు <- 2
}

కానీ దీన్ని విడిగా పరీక్షిద్దామని ఇంతవరకే కాపీ చేసి కన్సోల్‌లో (లైన్ కొట్టగానే ఆర్ జవాబిచ్చే చోట) పెడితే "అన్‌ఎక్స్‌పెక్టెడ్ 'ఎల్స్'" అంటోంది. ఒక్క అక్షరం కూడా మార్చలేదు. లోపల ఒప్పు అయినది బయట తప్పు ఎలా అవుతుంది?

రోజూఆర్

అదే ప్రశ్న, అదే జవాబు. కన్సోల్‌లో మూడో లైన్ ముగింపు బ్రాకెట్ దగ్గరికి వచ్చేసరికి ఇఫ్ వాక్యం పూర్తయింది. ఎల్స్ లేని ఇఫ్ కూడా సంపూర్ణమైన వాక్యమే. కాబట్టి ఆర్ దాన్ని అప్పటికప్పుడు అమలు చేసేసింది. ఆ తర్వాత ఎల్స్ అంటూ ఒక కొత్త వాక్యం మొదలైంది. ఎల్స్‌తో ఏ వాక్యమూ మొదలవదు, అందుకే ఎర్రర్.

ఫంక్షన్ లోపల అయితే బయట ఇంకో ఫ్లవర్ బ్రాకెట్ తెరిచి ఉంది. అది మూసుకునేదాకా ఏదీ అమలు కాదు. ఆ తీరికలో, ఇఫ్ తర్వాత లైన్ మారినా, కింద ఎల్స్ ఉందేమో అని ఆర్ చూస్తుంది. అలా ముందుకు చూడటం ఒక్క ఎల్స్‌కే దక్కిన మినహాయింపు. ప్లస్‌కి అది లేదు.

ముగింపు బ్రాకెట్, ఎల్స్ రెండూ ఒకే లైన్లో, "} ఎల్స్ {" అని రాయడం అలవాటు చేసుకోండి. లోపలా బయటా రెండు చోట్లా పనిచేస్తుంది. ఆర్‌తో పాటు వచ్చే సహాయ పేజీల్లో ఇఫ్, ఫర్ వగైరాల పేజీ కూడా ఈ రెంటి మధ్య లైన్ మార్చవద్దనే చెబుతుంది.

ఈ నియమానికి వెనకనున్న కారణం తెలిస్తే విసుగు తగ్గుతుంది. ఆర్ అన్నది మనిషి ఒక లైన్ కొట్టగానే జవాబు చెప్పేలా తయారైన భాష. బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ఎస్ అనే భాష నుంచి ఆ స్వభావం వచ్చింది. "2 + 3" కొట్టి ఎంటర్ నొక్కితే వెంటనే 5 రావాలి. మీరు కింద ఇంకేమైనా రాస్తారేమో అని అది ఎదురుచూస్తూ కూర్చోకూడదు.

బ్రాకెట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే చాలామంది సగమే నేర్చుకుంటారు. మామూలు బ్రాకెట్ తెరిచి ఉన్నంతసేపు లైన్ ఎక్కడ విరిచినా ఫరవాలేదు. స్క్వేర్ బ్రాకెట్ లోపల కూడా అంతే. కాబట్టి ప్లస్ గుర్తు ముందే ఉండాలని ఇష్టపడేవాళ్ళు మొత్తాన్ని బ్రాకెట్లో పెట్టేస్తారు:

  మొత్తం <- (వేరు + కాండం
    + ఆకు)

ఇది సరైన కోడే. 13.8 వస్తుంది. కానీ ఫ్లవర్ బ్రాకెట్ తెరవగానే లైన్ నియమం తిరిగి మొదలవుతుంది, బయట మామూలు బ్రాకెట్ ఉన్నా సరే. లెక్కకొచ్చేది అన్నిటికంటే లోపలి బ్రాకెట్. ఒక ఫంక్షన్‌ని ఒక్కో విలువ మీదా నడిపే ఎస్అప్లై( ) లోపల ఒక చిన్న ఫంక్షన్ రాసి, దాని ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య లైన్ విరిచి, "బయట బ్రాకెట్ ఉంది కదా" అనుకుంటే మళ్ళీ మీ 3.5 దగ్గరికే వస్తారు. నేనిలా ఒక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాను.

రిటర్న్ దగ్గర కూడా జాగ్రత్త. ఇది చూడండి:

  ఇఫ్ (ఆకు < 0) రిటర్న్
    (ఎన్ఏ)
  వేరు + కాండం + ఆకు

రిటర్న్ అన్నది కూడా ఆర్‌లో ఒక ఫంక్షన్ పేరే. పక్కన బ్రాకెట్ లేకుండా పేరు ఒక్కటే రాస్తే దాన్ని పిలిచినట్టు కాదు, పేరు తలచుకున్నట్టు. కింది లైన్లో (ఎన్ఏ), అంటే విలువ లేదని చెప్పే గుర్తు, విడి వాక్యం. ఆకు బరువు సున్నా కంటే తక్కువ వచ్చినా ఫంక్షన్ అక్కడ ఆగదు, కిందికి దిగి కూడిక చేసి జవాబిచ్చేస్తుంది. ఎర్రర్ ఉండదు. పిలిచే ఫంక్షన్ పేరునీ దాని బ్రాకెట్‌నీ ఎప్పుడూ విడదీయకండి.

కొత్తగా_ఆర్

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాదీ ఇలాంటిదే అనిపించి అడుగుతున్నాను.

రెట్టింపు <- ఫంక్షన్(విలువ)
  కొత్త <- విలువ * 2
  కొత్త + 1

"ఆబ్జెక్ట్ 'కొత్త' నాట్ ఫౌండ్" అంటోంది. పైలైన్లోనే కదా కొత్త తయారుచేశాను?

గుణకం

మీరు ఫ్లవర్ బ్రాకెట్లు పెట్టలేదు. అవి లేకపోతే ఫంక్షన్‌కి ఒక్క వాక్యమే సొంతం. మీ రెండో లైన్‌తో ఫంక్షన్ అయిపోయింది. మూడో లైన్ బయటిది, అక్కడ "కొత్త" లేదు. మొదటి లైన్ దగ్గర ఆర్ ఎందుకు ఆగలేదంటే, ఫంక్షన్(విలువ) అన్నాక లోపల ఏం చేయాలో ఇంకా చెప్పలేదు కాబట్టి వాక్యం అసంపూర్ణం. అందుకే ఫ్లవర్ బ్రాకెట్ కింది లైన్లో తెరిచినా తప్పు కాదు. ఇఫ్, ఫర్‌లకు కూడా బ్రాకెట్లు లేకపోతే తర్వాతి ఒక్క వాక్యమే వాటిది.

పనిలో పనిగా, నాకు రోజూ ఎదురయ్యే నాలుగైదు సంగతులు రాస్తాను.

ఒక ఫలితాన్ని తర్వాతి ఫంక్షన్‌కి అందించే పైప్ గుర్తులు లైన్ మొదట్లో పెడితే అదృష్టవశాత్తూ ఎర్రర్ వస్తుంది. %>% అయితే "అన్‌ఎక్స్‌పెక్టెడ్ స్పెషల్" అంటుంది. ఆ స్పెషల్ ఏమిటా అని నేను చాలాకాలం తికమక పడ్డాను. రెండు పర్సంట్ గుర్తుల మధ్య రాసే ఆపరేటర్లన్నిటికీ ఆర్ లోపల ఉన్న పేరు అది. 2021లో ఆర్ 4.1.0తో వచ్చిన |> అయితే ఆ గుర్తునే ఎర్రర్‌లో చూపిస్తుంది. గ్రాఫులు గీసే ప్యాకేజీ జీజీప్లాట్2లో ప్లస్‌ని లైన్ మొదట్లో పెడితే, ప్లస్‌ని పొరపాటున కొత్త లైన్లో పెట్టారా అని అదే అడుగుతుంది. ఆ ప్యాకేజీ రాసినవాళ్ళు మన అవస్థ తెలిసినవాళ్ళు.

దీనికి తలకిందులైన పొరపాటు ఇంకోటి ఉంది. ఆఖరి లైన్‌ని తాత్కాలికంగా ఆపుదామని ముందు # పెడతాం:

మొత్తం <- వేరు +
  కాండం +
  # ఆకు
శాతం <- వేరు / మొత్తం

కాండం తర్వాత ప్లస్ వేలాడుతూనే ఉంది. # తర్వాతిదంతా కామెంట్, దాన్ని ఆర్ పట్టించుకోదు, వాక్యం పూర్తి కాలేదని కింది లైన్‌ని కలిపేసుకుంటుంది. అంటే "కాండం + శాతం <- ..." అని చదువుతుంది. నా దగ్గర ఎర్రర్ అసలు తప్పుకి సంబంధం లేని మాటలతో వచ్చింది. ఎర్రర్ చూపించిన లైన్ చుట్టూ వెతికాను, తప్పేమో రెండు లైన్ల పైన. ఎర్రర్ అన్నది ఆర్‌కి అనుమానం వచ్చిన చోటు చెబుతుంది, మనం తప్పు చేసిన చోటు కాదు. చూపించిన చోటు నుంచి పైకి చదువుకుంటూ వెళ్ళాలి.

కన్సోల్‌లో > బదులు + కనిపిస్తే అది కూడిక కాదు, "మిగతాది చెప్పండి" అని ఆర్ ఎదురుచూస్తోంది. ఎక్కడో ఒక బ్రాకెట్టో కోట్ గుర్తో మూయలేదు, లేదా లైన్ ప్లస్ లాంటి గుర్తుతో ముగిసిందన్నమాట. ఏం కొట్టినా + లే వస్తుంటే ఆర్‌స్టూడియోలో (ఆర్ కోడ్ రాసుకునే ప్రోగ్రామ్) ఎస్కేప్, మామూలు టెర్మినల్‌లో కంట్రోల్ + సి నొక్కి బయటపడండి. అలాగే కన్సోల్ నుంచి కోడ్ కాపీ చేస్తే ఆ > లూ + లూ కూడా వెంట వస్తాయి. స్క్రిప్ట్‌లో అతికించాక ఆ + లు నిజం ప్లస్‌లు అయిపోతాయి. పైన రోజూఆర్ గారు చెప్పిన ఒంటరి ప్లస్ కథంతా మళ్ళీ మొదలు.

మెయిల్లోంచో చాట్‌లోంచో అతికిస్తే లైన్లు కలిసిపోవడం కూడా చూశాను. రెండు వాక్యాలు ఒకే లైన్లోకి వస్తే "అన్‌ఎక్స్‌పెక్టెడ్ సింబల్" అంటుంది, అది మంచిదే. కానీ మొదటి వాక్యం చివర కామెంట్ ఉంటే రెండో వాక్యం మొత్తం ఆ కామెంట్‌లో భాగమైపోతుంది, ఎర్రర్ రాదు.

రోజూఆర్

గుణకం గారు చెప్పినదానికి ఒకటి కలపాలి. ఫంక్షన్ సరిచేసి మళ్ళీ రన్ చేసినప్పుడు అందులో సింటాక్స్ ఎర్రర్ వస్తే కొత్త ఫంక్షన్ తయారుకాదు, కానీ పాతది మెమొరీలో అలాగే ఉంటుంది. మీరు కొత్తదాన్ని పరీక్షిస్తున్నాననుకుని పాతదాన్నే పిలుస్తూ ఉంటారు. "మార్చినా జవాబు మారడం లేదు" అని నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది సంగతి ఇదే. ఎర్ర అక్షరాలు పైకి జరిగిపోయి కనిపించకపోవచ్చు, కన్సోల్‌ని పైకి జరిపి చూడండి.

పచ్చిక గారూ, మీ డేటా అంతటి మీదా నడిపే ముందు ఒక పరీక్ష చేయండి. ఫంక్షన్‌కి నిజం బరువులు కాకుండా 100, 20, 3 ఇవ్వండి. 123 రావాలి. 3 వస్తే చివరిది ఒక్కటే మిగిలింది. 120 వస్తే చివరిది జారిపోయింది. 103 వస్తే మధ్యది పోయింది. ఒక్కో ఆర్గ్యుమెంట్ ఒక్కో స్థానంలో కూర్చుంటుంది కాబట్టి ఏది తప్పిపోయిందో జవాబే చెబుతుంది. 4.2, 6.1 లాంటివి ఇస్తే ఇది కనపడదు. కూడికలున్న ప్రతి ఫంక్షన్ కింద ఈ లైన్ రాసి పెట్టండి:

స్టాప్ఇఫ్‌నాట్(మొక్క_బరువు(100, 20, 3) == 123)

సరిపోకపోతే స్క్రిప్ట్ అక్కడే ఆగుతుంది.

ఆర్‌స్టూడియో వాడుతుంటే ఇంకో సులువైన గుర్తు. అనుమానం ఉన్న లైన్లు సెలెక్ట్ చేసి కంట్రోల్ + ఐ నొక్కండి. అది లైన్లను వాటి అసలు స్థానాల్లోకి జరుపుతుంది. కింది లైన్ కాస్త లోపలికి జరిగి కూర్చుంటే పైదానికి కొనసాగింపు. పై లైన్‌తో సమానంగా ఎడమకి వచ్చేస్తే అది విడి వాక్యం. మీరు చేత్తో కొట్టిన ఆ నాలుగు స్పేస్‌లే మీ కంటిని మోసం చేశాయి. రాసేటప్పుడు కూడా ఎంటర్ కొట్టగానే కర్సర్ ఎక్కడ నిలబడిందో చూడండి. ప్లస్‌తో ముగించి ఎంటర్ కొడితే దానంతటదే లోపలికి జరుగుతుంది.

మీ పాత స్క్రిప్టుల్లో కూడా వెతకండి. ప్లస్‌తో మొదలయ్యే లైన్లు, ముఖ్యంగా మైనస్‌తో మొదలయ్యేవి. ఇది మాత్రం మర్చిపోకండి.

పచ్చిక

వెతికాను అండి. రెండు గంటలు పట్టింది, 11 స్క్రిప్టులు. ప్లస్‌తో మొదలయ్యేవి మూడు దొరికాయి, అవి మూడూ మామూలు బ్రాకెట్ల లోపలే ఉన్నాయి, ఇబ్బంది లేదు.

మైనస్‌తో ఒకటి దొరికింది. మొక్కల భాగాలను కాగితం కవర్లో పెట్టి ఆరబెడతాం, కవర్‌తో సహా తూచి, తర్వాత కవర్ బరువు తీసేయాలి. ఆ ఫంక్షన్ ఇలా ఉంది:

పొడి_బరువు <- ఫంక్షన్(తూకం, కవర్) {
  బరువు <- తూకం
    - కవర్
  బరువు
}

మీ పద్ధతిలోనే 100, 20 ఇచ్చాను. 80 రాలేదు, 100 వచ్చింది. ఇంతకాలం కవర్ బరువు తీసెయ్యనే లేదు. పైన నేను రాసిన 4.2, 6.1, 3.5 కూడా కవర్లతో కలిపి ఉన్న బరువులే. నా దగ్గర ఖాళీ కవర్ల తూకాలు నోట్‌బుక్‌లో విడిగా ఉన్నాయి, కాబట్టి మళ్ళీ తూచే పని లేదు, లెక్క మాత్రం మొదటి నుంచి చేయాలి. మైనస్‌ని పై లైన్ చివరకు మార్చి, కింద స్టాప్ఇఫ్‌నాట్ పెట్టి, ఇప్పుడే మొదటి మొక్కతో మొదలుపెట్టాను. మా గైడ్‌కి ఈ సంగతి ఈ రాత్రే మెయిల్ చేస్తున్నాను.